బోర్డు మీద మిగిలిన అర్థం

హైటెక్ సిటీలోని ఆ ఆఫీసులో, ఆరో అంతస్తు ప్యాంట్రీ గోడకు ఒక తెల్లబోర్డు ఉంది. హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళకు ఇంగ్లీషు నేర్పుదామని హెచ్ఆర్ జ్యోత్స్న పొద్దున్నే దాని మీద ఒక మాటా, పక్కన దానికున్న అర్థాలన్నీ తెలుగులో రాసి వెళ్తుంది. మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళకు ఒక్క అర్థమే మిగులుతుంది. తక్కినవి వాటంతటవే చెరిగిపోతాయి. అప్పుడు వంతు వచ్చిన మనిషి నిలబడి ఆ మాట పైకి చదవాలి. ఎవరి నోట అది ముందు సరిగ్గా పలికితే మిగిలిన అర్థం వాళ్ళది. ఆ బోర్డు తీరే అంత.

"లైట్" నాడు "బరువు లేనిది" మిగిలింది. ఓబులమ్మ చదివి వారమంతా నేలకు జానెడు ఎత్తున నడిచింది, చెప్పులు అరగలేదని మురిసిపోయింది. "మ్యాచ్" నాడు ఆటా, పెళ్ళి సంబంధమూ చెరిగిపోయి "అగ్గిపుల్ల" మిగిలింది. ఒక్క పుల్లకేముందిలే అని కమలమ్మ నవ్వుతూనే చదివింది. ఆమె ఇంకా దవాఖానలోనే ఉంది.

ఈ రోజు మాట "డ్రాప్". వంతు బోరబండ నుంచి వచ్చే రేఖది. ఆమెకు ఐదో నెల. పొద్దున బోర్డు మీద చుక్క, ఇంటి దగ్గర దింపడం, కింద పడటం అని మూడున్నాయి. క్యాబులో ఇంటికి దింపితే ఎంత బాగుండునో అనుకుంటూ రేఖ మెట్లన్నీ తుడిచింది. తీరా వచ్చి చూస్తే "కింద పడటం" ఒక్కటే ఉంది. ఆమె ఓబులమ్మ వైపు తిరిగింది.

"నేను చదవనక్కా. కడుపుతోని ఉన్న."

"వంతు తప్పితే ఎట్లమ్మా? ఇన్నాళ్ళూ ఎవరన్నా తప్పించుకున్నారా?" అంది ఓబులమ్మ గొంతు తగ్గించి.

అంతలో జ్యోత్స్న వచ్చింది. బోర్డు సంగతి ఆమెకూ తెలుసు. కానీ మాట వంకరగా పలికితే సరిచేయకుండా ఉండలేదు. అది రేఖకు బాగా తెలుసు.

రేఖ నిలబడింది. "డ... డారప..."

"డారప ఏంటి రేఖా! డ్రాప్!"

డబ్బాల మీంచి తలలన్నీ జ్యోత్స్న వైపు తిరిగాయి. జ్యోత్స్న నాలుక కరుచుకుని బోర్డు వైపు చూసింది.

"పర్లేదు, జాగ్రత్తగా ఉంటాలే. ఈ పూటకి లిఫ్ట్ వద్దు, మెట్లే నయం," అంటూ వెళ్ళిపోయింది.

రేఖకు ముందు ఊపిరి తేలికైంది. ఎంత పాపం చేశానని తర్వాతే అనిపించింది. ఆ వెనకే, మెట్లు ఇంకా తడిగా ఉన్నాయని గుర్తొచ్చి కడుపు పట్టుకుని పరుగెత్తింది.

జ్యోత్స్న తడి చూసింది. చేతికడ్డీ గట్టిగా పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతోంది.

"మేడం, ఆగుండ్రి!" అని రేఖ అరిచింది.

ఆ కేకకు జ్యోత్స్న కడ్డీ వదిలేసి తడి మెట్టు మీదే వెనక్కి తిరిగింది.