ఏబేలు సంతకం

మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించే పని మార్తమ్మది. భర్త ఏబేలు కూడా పలకల పనోడే. పదకొండేళ్ల కింద బెంగుళూరులో బిల్డింగు పని ఉందని పోయినాడు. మొదట్లో నెలకోసారి ఫోన్ చేసేవాడు. తర్వాత ఆ నంబరు కలవలేదు. పిల్లలు లేరు. ఎదురుచూడడం ఎప్పుడు మానుకుందో ఆమెకే తెలియదు.

ఇంటికి రేకులు వేయించడానికి మార్తమ్మ ఒక ఫైనాన్సులో లోను తీసుకుంది. రెండేళ్ల లోను ఏడాదిన్నరకే కట్టేసింది. ఆ కాగితాలు పట్టుకొని నెట్ సెంటర్ నడిపే సుప్రియ దగ్గరికి పోతే, ఆ అమ్మాయి చదివి, ఇన్సూరెన్సు కింద రెండు కోతలు పడినాయని చెప్పింది. ఒకటి మార్తమ్మ ప్రాణానికి, ఇంకొకటి ఏబేలు ప్రాణానికి. ఆయన ఇక్కడ లేడని లోను ఇచ్చే రోజే మార్తమ్మ చెప్పింది. రేషన్ కార్డులో పేరుంటే చాలని ఫైనాన్సాయన రాసుకొని పోయినాడు.

దగ్గర లేని మనిషి పేరు మీద పట్టుకున్న పద్నాలుగు వందలు తిరిగి ఇమ్మని అర్జీ పెట్టించింది. ఇరవై రోజులకు జవాబొచ్చింది. ఇయ్యరంట. భర్త ఒప్పుకొనే పాలసీ తీసుకున్నాడంట.

ఒక పూట పని మానుకొని మార్తమ్మ బ్రాంచికి పోయింది. మేనేజరు గోవర్ధన్ కుర్చీ చూపించి మర్యాదగానే మాట్లాడినాడు. విడాకుల కాగితమైనా, డెత్ సర్టిఫికెట్టయినా తెమ్మన్నాడు.

"రెండూ లేవు సార్."

"అయితే రికార్డులో ఆయన మీతోనే ఉన్నట్టమ్మా."

పదకొండేళ్లలో ఆమెతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. ఏబేలు ఒప్పుకున్న కాగితం చూపించమని మార్తమ్మ అడిగింది. గోవర్ధన్ ప్రింటు తీసి ఇచ్చినాడు.

అడుగున గుండ్రటి అక్షరాల్లో ఏబేలు సంతకం ఉంది.

ఏబేలుకు చదువు రాదు. ఇన్నేళ్లు పలకలు చేసినాడు గాని వాటి మీద ఒక్క అక్షరం దిద్దలేదు. ఎక్కడైనా వేలిముద్రే. అయినా ఆమెకు ముందు తోచింది మోసం కాదు. ఎక్కడో ఉండి రాయడం నేర్చుకున్నాడేమో, ఊరికి వచ్చి పోయినాడేమో అనిపించింది.

"సంతకం పెట్టిన రోజు మా ఆయన వచ్చినాడా సార్?"

గోవర్ధన్ ఆమె మొహం చూసి తల దించుకున్నాడు. ఫామ్ నింపినోళ్లే పెట్టింటారమ్మా అన్నాడు మెల్లగా.

ఆ కాగితం చూసి సుప్రియ సంబరపడింది. ఇది చాలు, ఇంక వాళ్లు తప్పించుకోలేరంది. మార్తమ్మ మాత్రం ఆ సంతకాన్నే మళ్లీ మళ్లీ చూసింది. రిజర్వు బ్యాంకులో ఇట్లాంటి గొడవలు తేల్చే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు టైపు చేస్తూ సుప్రియ మధ్యలో ఆగింది.

"ఆయన ఇప్పుడు ఉన్నాడా, లేడా? ఏమని రాయమంటావు అత్తా?"

"తెలీదని రాయి."

సుప్రియ అట్లే రాసింది. ఏబేలు వేలిముద్ర ఉన్న పాత పోస్టాఫీసు పాస్‌బుక్కు ఫొటో కూడా జత చేసింది.

రెండున్నర నెలలు గడిచినాయి. మధ్యలో ఒకసారి అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఏబేలు సంగతి అడిగితే మార్తమ్మ అదే చెప్పింది, ఒక్క మాట మార్చకుండా. చివరికి ఫైనాన్సు వాళ్లు పొరపాటు జరిగిందని ఉత్తరం రాసి, ఏబేలు పేరు తీసేసి, డబ్బు వడ్డీతో ఆమె ఖాతాలో వేసినారు. గెలిచినావత్తా అంది సుప్రియ. మార్తమ్మ అవునంది. టైపు చేసినందుకు ఇయ్యాల్సింది ఇచ్చి ఇంటికి వచ్చేసింది.

ఆదివారం చర్చిలో, మేలు జరిగినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు పిలిచినారు. మార్తమ్మ లేచి నిలబడింది. చెప్పాలంటే ఏబేలు దగ్గర మొదలుపెట్టాలి. ఇప్పుడొస్తున్న వాళ్లలో సగం మంది అతని పేరైనా విన్నోళ్లు కాదు.

"ఒక పని అయింది. దేవునికి స్తోత్రం" అని కూర్చుంది.

అందరూ స్తోత్రం అన్నారు. ఏం పని అని పక్కనున్నామె కూడా అడగలేదు.