నాలుగో టేబులావిడ

సంచీలో ఉన్న గుడ్లను అతను రెండోసారి లెక్కపెడుతున్నాడు. వెనక మూడు వ్యాన్లు హారన్లు కొడుతున్నాయి. కొట్టుకోనీ! పన్నెండూ ఉన్నాయి, ఒక్కటీ చిట్లలేదు. సంచీ మూతికి ముడి వేసి, ఆ ముడిని ఫోన్‌తో ఫోటో తీసుకుని, అప్పుడు గానీ వ్యాన్‌లోకి ఎక్కించలేదు. గోదాములో డ్రైవర్లందరూ అతన్ని సీఐడీ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు ముఖం మీదే అంటున్నారు.

అనుమానం అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. పద్దెనిమిదేళ్ళు ఒక ఫ్యాక్టరీలో మిషను నడిపి, రోజూ సాయంత్రం గేటు దగ్గర చేతులు పైకెత్తి నిలబడి ఒళ్ళంతా తడిమించుకున్న మనిషి. ఒక్కనాడూ ఒక్క ఇనప మేకైనా ఇంటికి తీసుకెళ్ళలేదు. ఒక్కనాడూ వాళ్ళు నమ్మలేదు. ఫ్యాక్టరీ మూతపడి, ఇళ్ళకి సరుకులు చేరవేసే ఈ వ్యాన్ పని పట్టుకునేసరికి ఆ తడమడం అతనికే అలవాటైపోయింది. ఇస్త్రీకి వెళ్ళొచ్చిన చొక్కాకి బొత్తాలు లెక్కపెడతాడు. "నీ నీడ మీద కూడా నిఘా పెట్టేట్టున్నావు," అంటుంది భార్య.

ఇప్పుడు మాత్రం అనుమానించడానికి గట్టి కారణమే ఉంది. ఈ నెలలో అతని మీద రెండు ఫిర్యాదులు పడ్డాయి. ఒక ఇంట్లో వెన్న ప్యాకెట్ రాలేదన్నారు, ఇంకో ఇంట్లో గడ్డకట్టిన బఠాణీలు రాలేదన్నారు. మూడోది పడితే ఫోన్‌లో అతని ఐడీ ఆగిపోతుంది. పిలిచి అడగరు, చెప్పుకోనివ్వరు. పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఒక ఎర్ర గీత కనబడుతుంది, అంతే. యాభై నాలుగేళ్ళవాణ్ణి మళ్ళీ ఎవడు పనిలో పెట్టుకుంటాడు?

తను తీయలేదు. దారిలో వ్యాన్‌కి తాళం వేయకుండా ఎక్కడా వదల్లేదు. మరి ఎవరు తీసినట్టు? ఎటు తిప్పి చూసినా ఆ రెండు సంచులూ కట్టింది గోదాములో సరుకులు సర్దే నాలుగో టేబులావిడే.

నలభై దాటిన పొట్టి మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. సంచీ కట్టే మధ్యలో చటుక్కున టేబుల్ కిందికి వంగుతుంది, ఏదో సర్దుకుని లేస్తుంది. వారం రోజులుగా అతను ఆ వంగడాన్నే కనిపెడుతున్నాడు. ఇవాళ ఏడు సంచులు కట్టేలోగా మూడుసార్లు వంగింది. పైగా సంచులందిస్తూ, "సరిచూసుకో అన్నా," అంది. మనసులో ఏదో లేకపోతే, అడక్కుండానే ఎవరైనా అలా చెబుతారా!

ఇక ఉండబట్టలేక సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళాడు.

"సార్, నాలుగో టేబుల్ మీద ఓ కన్నేయండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

సూపర్‌వైజరు అతని కొడుకు ఈడువాడు. కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే, "చూస్తాలే బాబాయ్. ముందు నువ్వు బయల్దేరు, ఇప్పటికే ఆరు నిమిషాలు లేటు," అన్నాడు.

ఆ ఆరు నిమిషాలూ రోజంతా అతన్ని తరిమాయి. ఒక్కో ఇంటికి నాలుగు నిమిషాలని ఫోన్ లెక్క కడుతుంది. మెట్లెన్నో దానికి అక్కర్లేదు. సామాన్లవాళ్ళకి లిఫ్టు లేదు పొమ్మన్నాడు ఒక వాచ్‌మన్. నీళ్ళ క్యాన్లు భుజాన వేసుకుని నాలుగంతస్తులు ఎక్కాడు. వ్యాన్‌లో అద్దం పైన కెమెరా ఉంది, ఆవలిస్తే చాలు కీచుమంటుంది. ఒంటికి పోవడానికి తీరిక దొరకదని పొద్దున్నుంచి మంచినీళ్ళే ముట్టలేదు. అయినా ప్రతి గుమ్మంలోనూ సంచీ విప్పించి, చీటీ పట్టుకుని ఒక్కొక్కటీ చూపించాడు.

"ఏంటయ్యా, మేమేమైనా దొంగల్లా కనబడుతున్నామా?" అని ఒకావిడ కస్సుమంది.

"మీరు కాదమ్మా, లోకం," అన్నాడు.

చివరి ఇంటి దాకా ఏదీ తగ్గలేదు. చూశావా, నేను కన్నేసేసరికి చేతులు కట్టేసుకుంది అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ పూట హాయిగా అనిపించింది.

మూడింటికి గోదాముకి తిరిగొస్తే, రేపు తనిఖీ ఉంది, వ్యాన్‌లో చల్లటి సరుకులు విడిగా పెట్టే ఐసు పెట్టెలు కడిగి పెట్టమన్నారు. మామూలుగా ఆ పని ఎవరూ చేయరు. కడిగే గంట పనిగంటల్లోకి రాదు మరి. వారాల తరబడి పైపైన గుడ్డతో తుడిచి వదిలేస్తారు, అతనూ అంతే. తిట్టుకుంటూ ఐసు దిమ్మలు బయటపెట్టి, పెట్టె అడుగున పరిచిన థర్మాకోల్ పలకని పైకి లాగాడు. పలకకి ఒక మూల విరిగి ఉంది. ఆ సందులోంచి జారిపోయి, కింద రెండు ప్యాకెట్లు పడున్నాయి. ఒకటి వెన్న. ఒకటి బఠాణీలు.

ఫిర్యాదులో రాసిన కంపెనీవే, రాసిన సైజువే. అందరి సంచులూ వెతికినవాడు తన పెట్టె అడుగు ఒక్కనాడూ చూసుకోలేదు. సిగ్గుతో చెవులు మండాయి. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంటూ రెండు ప్యాకెట్లూ గుడ్డలో చుట్టుకుని సూపర్‌వైజరు గదికి నడిచాడు.

ఈసారి సూపర్‌వైజరు తలెత్తి మరీ నవ్వాడు.

"రా బాబాయ్, నిజంగా సీఐడీవే! కెమెరాలో చూశాం, నువ్వన్నట్టే వంగుతోంది. మోకాలికి పట్టీ బిగించుకుంటున్నానంటుంది. ఎవరు నమ్ముతారు? పదకొండింటికే పనిలోంచి తీసేసి పంపించేశాం. నీ రెండు ఫిర్యాదులూ ఆవిడ మీదికి మార్చేశా. నీ ఐడీకి ఇక ఢోకా లేదు."

"పదకొండింటికా?"

"ఊఁ. గేట్లో ఒళ్ళంతా వెతికారు, ఏం దొరకలేదనుకో. ముందే దాటించేసి ఉంటుంది. అవునూ, ఏంటది చేతిలో?"

గుడ్డలోంచి నీళ్ళు కారి అతని చెప్పు మీద పడుతున్నాయి. నోరు తెరిచాడు. తన పెట్టెలోనే దొరికాయంటే దొంగ నువ్వేనంటారు. రేపు పొద్దున్న ఫోన్‌లో కనబడబోయే ఎర్ర గీత ఇప్పుడే కళ్ళ ముందు నిలబడింది.

"ఏం లేదు సార్. ఐసు."

బయటికి పోవాలంటే టేబుళ్ళ పక్కనుంచే దారి. నాలుగో టేబుల్ దగ్గర అప్పుడే ఇంకొకామె సంచులు కడుతోంది. కాళ్ళకి అడ్డంగా ఉన్నదేదో పక్కకి తోసింది. చిన్న స్టీలు క్యారియర్. దొంగసొత్తు దాచుకుంటుందని అతను అనుమానించిన చోటే ఉంది. వంగి చేతిలోకి తీసుకున్నాడు. బరువుగానే ఉంది. ఇక్కడ భోజనాలకి వదిలేది పన్నెండున్నరకి. మూత ఊడకుండా రెండు చుట్లు తిప్పి బిగించిన రబ్బరు బ్యాండు ఆవిడ పొద్దున ఇంట్లో వేసింది వేసినట్టే ఉంది.