కొల్లేట్లో మునిగిన గంట

పల్లపులంక చర్చికి కొన్న కొత్త గంట తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా ట్రాక్టరు మీద క్షేమంగానే వచ్చింది. అక్కడి నుంచి రోడ్డు తమ్మిలేరు వరదలో మునిగి ఉండటంతో పడవ ఎక్కించారు. ఊరు కనబడగానే సంఘపెద్ద యోసేపు ఆనందం పట్టలేక, పాట అందుకుంటూ లేచి నిలబడ్డాడు. పడవ ఒరిగిపోయింది. మనుషులు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. గంట కొల్లేటి అడుక్కి చేరింది.

మర్నాడు తీద్దామని దిగితే కొల్లేటి కాపలావాళ్లు ఆపారు. అనుమతి లేకుండా అడుగు బురద కదిపితే కేసవుతుందన్నారు. ఇంట్లో భార్య యేసమ్మ గంట సంగతి తప్ప లోకంలో విషయాలన్నీ మాట్లాడుతోంది. తిట్టినా బాగుండుననిపించింది యోసేపుకి.

అనుమతి కోసం ఏలూరులో రాష్ట్ర ప్రభుత్వ నీటిపారుదల ఆఫీసుకి వెళ్లాడు. ఇంజనీరు నిరంజన్ కాఫీ ఇప్పించి, పడవలు తిరిగే నీళ్లు జాతీయ జలమార్గం కిందికొస్తాయేమో, కేంద్రాన్ని అడగమన్నాడు. విజయవాడలో కేంద్ర జలమార్గాల అధికారి ఫణికిరణ్ కాఫీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టించాడు. తేలేవాటి వరకే తమ బాధ్యతనీ, మునిగింది నేల మీద ఉన్నట్టేననీ, నేల రాష్ట్రానిదనీ చెప్పాడు.

"మా గంట సగం నీళ్లలో, సగం బురదలో ఉందండీ," అన్నాడు యోసేపు.

అలాగైతే ఇద్దరూ కలిసి చూడాల్సిందేనన్నాడు ఫణికిరణ్.

వరద తీశాక ఇద్దరూ వచ్చారు. వాళ్లను పడవలో తీసుకెళ్తూ యోసేపు ఈసారి కూర్చునే గెడ వేశాడు. అందుకని పడవ వంకరటింకరగా పోయి, ఆ చోటికి రాగానే అడుగున టంగుమని తగిలి, గంట మీదెక్కి ఇరుక్కుంది. నడుం లోతు నీళ్లు. ఎవరో ఒకరు దిగి తోయాలి. తను దిగితే కేసవుతుందేమోనని యోసేపు కదల్లేదు.

"దిగితే కాళ్లు నేలకి తగుల్తాయి కదండీ. నేల మీ రాష్ట్రానిది," అన్నాడు ఫణికిరణ్.

"పడవ ఇంకా నీళ్లలోనే ఉందండీ," అన్నాడు నిరంజన్.

ఎంతో మర్యాదగా మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. ఒడ్డు నుంచి చూసి చూసి విసిగిపోయిన యేసమ్మ, పొరుగింటి దానమ్మనూ మరి నలుగురు ఆడవాళ్లనూ వెంటబెట్టుకుని, చీరలు ఎగదోపి మోకుతో నీళ్లలోకి దిగింది. మోకు పడవకీ కట్టింది, మునిగి గంటకీ కట్టింది. అందరూ కలిసి లాగారు. ముందు పడవ వచ్చింది, దాని వెనక ఒళ్లంతా బురదతో గంట వచ్చింది.

గంట తీయడానికి అనుమతి ఎవరిచ్చారని అడిగాడు నిరంజన్.

"మేం మిమ్మల్ని లాగామండీ. అది మీ వెనకాల వచ్చేసింది," అంది యేసమ్మ.

ఇద్దరు అధికారులూ కాసేపు ఆలోచించి, అందులో తప్పేమీ లేదని తేల్చారు. ఆ ఇద్దరూ ఒక విషయం మీద ఏకమవడం యోసేపు చూడటం అదే మొదలు.

సాయంత్రానికి గంట చర్చి మీదికెక్కింది. అంతకుముందే, గంటలో దూరి ఒడ్డుకొచ్చిన పెద్ద కొరమేనుని యేసమ్మ పులుసు పెట్టింది. భోజనాల దగ్గర చేప తల తనకిష్టమని ఇద్దరు అధికారులూ ఒకేసారి అన్నారు. యేసమ్మ ఇద్దరికీ చెరో పెద్ద ముక్క వేసి, తల తీసుకెళ్లి యోసేపు కంచంలో పెట్టింది.