చింతపండుతో తోమిన తుపాకీ

తుపాకీని చింతపండుతో తోమమని తిరుపాలమ్మకు ఎవరూ చెప్పలేదు. తోమకూడదని మాత్రం ఎవరు చెప్పారు గనక? అరబ్బు దేశంలో, సల్వా పేటలో ఆవిడ పనిచేసే ఇంట్లో మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే దివానియా గోడకు ఒక పాత తుపాకీ ఉంది. ఇంటి యజమాని బాబా దాన్ని తన స్నేహితుడికి అమ్మబోతున్నాడు. ముందు దాని వయసేమిటో, విలువెంతో తేల్చే మనిషి సాయంత్రం వస్తాడనీ, గది దులపమనీ ఇంటి యజమానురాలు మామా చెప్పింది. తిరుపాలమ్మది రాజంపేట పక్కన పల్లె. నలుగురి కంట పడే ఇత్తడి తళతళలాడకపోతే ఆ ఊళ్లో ఇంటి ఆడదాన్నే ఆడిపోసుకుంటారు. అందుకని తుపాకీ దించి, నడుమ నల్లబడిన ఇత్తడినంతా చింతపండు, ఉప్పు వేసి చేతులు పీకేదాకా తోమింది. ఇత్తడి పచ్చగా, కొత్త బిందెలా మెరిసిపోయింది.

సోఫాలు జరపడానికి వచ్చిన డ్రైవరు బుల్లిరాజు దాన్ని చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అతనిది అమలాపురం.

"అయ్యబాబోయ్! ఎంత పని చేసేరండీ అక్కా! పాతదానికి ఆ నలుపే కదండీ విలువ! నాకు ముందు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీలు, ఇలాంటివి అమ్మేవోడండి. తడిగుడ్డ తగలనిచ్చేవోడు కాదు."

"మెరిస్తే ఎక్కువిస్తారనుకుంటి కదప్పా."

"సగానికి పడిపోద్దండి. అసలు కొనరేమో కూడానండి."

తిరుపాలమ్మకు తన ప్రయాణం గుర్తొచ్చింది. కూతురు రమణికి నెలలు నిండాయి, తొలి కాన్పు. శుక్రవారం విమానానికి టికెట్టు ఉంది గానీ పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. విలువ కట్టే ఆ మనిషి వచ్చి వెళ్లాక ఇస్తానంది మామా. ఇప్పుడీ సంగతి బయటపడితే ఆ బీరువా తెరుచుకుంటుందా? కాన్పుకి వస్తానని అల్లుడికి మాటిచ్చింది. కాన్పు గదిలో పిల్ల చెయ్యి పట్టుకుంటానని రమణికీ మాటిచ్చింది. పిల్ల రోజూ ఫోనులో అదే అడుగుతోంది.

వంటింట్లోకి పరుగెత్తి టీ డికాషన్ తెచ్చి పూసింది. కారిపోయింది. పెనం అడుగు మసి తీసి నూనెతో కలిపి రుద్దింది. చేతులు నల్లబడ్డాయి గానీ ఇత్తడి నల్లబడలేదు. తోమేటప్పుడు ఇంత బుద్ధి ఉంటే ఎంత బాగుండేది! ఏడుపు ఆపుకుంటూ మళ్లీ తుడిచి గోడకు పెట్టేసింది.

బుల్లిరాజు గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. "ఆసియా బీ చేసిందనేయండక్కా. ఆవిడ వెళ్లిపోయింది కదండీ. సొంతూళ్లో ఉన్న మనిషిని ఎవరడుగుతారండీ?"

ఆసియా బీ రాయచోటి మనిషి, ఆ ఇంట్లో రెండో పనిమనిషి. ఇద్దరెందుకని మామా ఆమెను పది రోజుల కిందటే పంపేసింది. బాబా నెల కిందట వైద్యానికని లండన్ వెళ్లి నిన్ననే వచ్చాడు. అన్నాళ్లూ, నిన్న కూడా, దివానియా మూసే ఉంది. మగవాళ్ల గది కనక మామా అందులో అడుగు పెట్టదు. అబద్ధం అతికినట్టు సరిపోతుంది.

"పాపం తగుల్తాది నాయనా. నాకు అరబ్బీ వంట నేర్పించిందే ఆయమ్మ," అంది తిరుపాలమ్మ. అందే గానీ, ఆ మాట మనసులోంచి పోలేదు.

పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక మహమ్మద్ గౌస్ వచ్చాడు. ప్రొద్దుటూరు వాడు. సాల్మియాలో పాత వస్తువుల దుకాణంలో విలువ కట్టే పని. ట్రిగ్గరు కింద ఇనప కడియంలాంటి పిడిని కిందికి లాగి పైకి నొక్కితే తూటా ఎక్కే రకం తుపాకులంటే ఆయనకు ప్రాణం. గోడ మీదున్నదాన్ని చూడగానే నిలబడిపోయాడు. ఫోను తీసి, బాబా ఎప్పుడో పంపిన ఫోటోను, తుపాకీని మార్చి మార్చి చూశాడు. తిరుపాలమ్మ కాఫీ పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎవరు తోమినారమ్మా దీన్ని?"

బాబా ఆమె వైపు తిరిగాడు. గుమ్మం బయటినుంచి మామా కూడా చూసింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ కళ్ల ముందు రమణి నిండు కడుపే కనిపించింది.

"ఆసియా బీ సార్. పొయ్యే ముందు తోమిపాయ."

గౌస్ తుపాకీని దించి ఒళ్లో పెట్టుకున్నాడు. భూతద్దం పెట్టుకుని మరమేకుల తలలు చూశాడు. తిరగేసి అడుగున నంబరు చూశాడు. గొట్టం మొదట్లో, ఇత్తడి మీద ఒకచోట చాలాసేపు ఆగిపోయాడు. ఆ సేపంతా తిరుపాలమ్మ వెంకన్నకు తలనీలాలు మొక్కుకుంటూనే ఉంది. తరువాత ఆయన బాబాతో అరబ్బీలో మాట్లాడాడు. బాబా ముఖం మొదట ఎర్రబడి, పాలిపోయి, చివరికి ఒక్కసారిగా తేలికపడింది. గౌస్ ఆమె వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"నూరేండ్ల నలుపైతే ఎంత తోమినా మరమేకుల సందుల్లో ఉంటాదమ్మా. ఇది మందు పూసి తెచ్చిన నలుపు, అంతా పోయింది. దాని కింద ఇటలీ ముద్ర బయటపడింది. టర్కీ సైన్యం తుపాకీ అని బాబాకు ఎవడో అంటగట్టినాడు. ఈ మధ్య చేసిన నకలు ఇది."

బాబా దాన్ని అసలుదని చెప్పి స్నేహితుడికి అమ్మి ఉంటే? రేపో మాపో నిజం తెలిసి, ఆ దివానియాలోనే నలుగురూ మోసగాడని వేలెత్తి చూపేవాళ్లు. అల్లా ఆసియా చేతితో నా పరువు నిలబెట్టాడని బాబా అన్నాడు. తిరుపాలమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. గండం గడిచిందనుకుని, గౌస్‌కి అడక్కుండానే రెండో కప్పు పోసింది.

ఆయన వెళ్లాక మామా పాస్‌పోర్టు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ముఖమంతా నవ్వే.

"శుక్రవారం వెళ్లు. కూతురి దగ్గరే ఉండు, తొందరేం లేదు. ఆసియాకు మళ్లీ వీసా పంపమని బాబా చెప్పాడు. అంత మంచి పిల్లను పంపేసి తప్పు చేశాను. ఇద్దరెందుకు, ఇక తనొక్కతే చాలు. నువ్విక తిరిగి రానక్కర్లేదు, నీ ఇఖామా, ఇక్కడుండే అనుమతి, ఖలాస్ చేయిస్తాం."

తిరుపాలమ్మకు కాసేపు ఆ అరబ్బీ అర్థమైనా బుర్రకెక్కలేదు. ఎక్కాక లెక్క వేసుకుంది. ఈ జీతం మీదే రమణి ఇల్లూ, తన ఇల్లూ నడుస్తున్నాయి. బుల్లిరాజు వైపు చూసింది. అతను వాకిట్లో, ఇందాకే తుడిచిన కారు అద్దాన్ని మళ్లీ తుడుస్తున్నాడు.

"మామా," అంది, వచ్చిన అరబ్బీ అంతా కూడదీసుకుని. "ఆసియా కాదు మామా. అది తోమింది నేనే. వల్లాహీ, దేవుడి మీద ఒట్టు, నేనే."

మామా ఆమె భుజం తట్టి, పకపకా నవ్వింది.

"ఇప్పుడు అందరూ అలాగే అంటారు," అంది.