ఊట మీది ఏడు చెట్లు

అర్దు కూతురు సిమ్మి జ్వరంతో పోయి రెండు రోజులైంది. ఆరేళ్ళ పిల్ల. నడింట్లో గుంత తీసి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి పడుకోబెట్టి మట్టి కప్పారు. మట్టి కప్పితే సరిపోతుందా? పైన సున్నం పోసి, గులకరాళ్ళతో నునుపుగా రుద్ది, ఎర్రమన్ను పూస్తేనే పోయినవాళ్ళు ఇంట్లో ఉంటారు. పెద్దవాళ్ళయితే సున్నం కోసం మట్టికిందే ఎదురుచూస్తారు. పసిబిడ్డ ఆగదు, ఏడో రోజులోగా ఆ నేల గట్టిపడకపోతే లేచి గడప దాటిపోతుంది. ఇక ఎంత పిలిచినా రాదు.

సున్నానికి రాయి కాల్చాలి. రాళ్ళకేం కొదవ, కొండంతా సున్నపురాయే. లేనివి కట్టెలు. తాతలు ఇష్టమొచ్చినట్టు నరికి ఇంటింటా తెల్లటి నేలలు పోసుకున్నారు. వాళ్ళు వదిలిన మొలకల్ని మేకలు మేశాయి. మిగిలినవి ఊటకు పైన ఏడు ఓక్ చెట్లు. అవి పోతే ఊట పోతుందని ఊరంతా కట్టడి చేసుకుని, కాపలా అర్దుకు అప్పగించింది. అర్దు మొండిఘటం. కిందటి చలికాలం తన భర్త పోయినప్పుడు పొరుగింటి కెబ్బరి అతని కాళ్ళమీద పడి ఒక్క చెట్టు అడిగింది. ససేమిరా అన్నాడు. ఆ మనిషి మట్టికిందే ఉండిపోయాడు.

"ఇంకా ఏం చూస్తున్నావు మావా?" అంది భార్య తిమ్నా. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. "చెట్లకు కాపలా కాసి కన్నబిడ్డను కొండలపాలు చేస్తావా?"

"నా చెట్లు కావే. ఊరివి."

"ఊరొచ్చి నా సిమ్మిని ఉంచుతుందా? పేడ మంటకు రాయి కాలదంటావు. అయితే నన్నే పెట్టు పొయ్యిలో!"

తెల్లారగానే అర్దు గొడ్డలి తీసుకుని కొండెక్కాడు. ఊట దగ్గర కెబ్బరి తోలుతిత్తిలో నీళ్ళు పట్టుకుంటోంది. గొడ్డలిని చూసింది.

"కొట్టు తమ్ముడూ, నేనెందుకు అడ్డొస్తాను?" అంది. "నా మొగుడికి మట్టి చాలింది. నీ కూతురికి సున్నం కావాలి మరి."

"తిట్టు అక్కా, పడతాను. ఊళ్ళో మాత్రం చెప్పకు."

"నేను చెప్పాలా? ఆ గొడ్డలి చప్పుడు ఊరందరికీ వినబడదూ?"

మొదటి చెట్టు కూలేసరికి మధ్యాహ్నమైంది. రెండోది కూలుతుండగా జనం ఎక్కి వచ్చారు. తిట్టడానికి కాదు, గొడ్డళ్ళతో వచ్చారు. ప్రతి ఇంట్లోనూ మట్టికింద ఒకరున్నారు మరి.

కెబ్బరి ఒక చెట్టు మీద చెయ్యి వేసింది. "ఇది నాది. ఇప్పుడు వద్దని అను, చూస్తాను."

వద్దనడానికి అర్దుకు నోరెక్కడిది? పొద్దుగూకేలోగా ఏడూ నేలకూలాయి.

అర్దు నాలుగు రోజులు సున్నపు బట్టీ ఆరకుండా కాల్చాడు. ఏడో రోజు పొద్దున నేల పోసి, రుద్ది, ఎర్రమన్ను పూశారు. సాయంత్రానికి గోరు దిగనంత గట్టిపడింది. తిమ్నా దానిమీద అరచెయ్యి ఉంచి, బిడ్డ పోయాక మొదటిసారి నిద్రపోయింది. అర్దుకు సంతోషం కలిగింది. సిగ్గూ కలిగింది, కానీ సంతోషమే ఎక్కువ.

ఆ చలికాలం వానలకు కొండమీది మట్టి కడుక్కుపోయి ఊట నోట్లో పేరుకుంది. తవ్వారు. మళ్ళీ పూడింది. మరుసటి ఎండాకాలానికి బురద, ఆ పై ఏటికి అదీ లేదు. పొలాల్లో గోధుమ గింజ పట్టకుండానే మాడిపోయింది. కిందికి వెళ్ళి పెద్ద వాగు దగ్గర బతుకుదామని ఊరు మూటలు కట్టింది.

మేకలు ముందు కదిలాయి. అర్దు మూట భుజానికెత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపల తిమ్నా ఆ నేలకు చెంప ఆనించి పడుకుని ఉంది.

"లే తిమ్నా. అందరూ వెళ్ళిపోతున్నారు. ఇక్కడ గుక్కెడు నీళ్ళు లేవే."

"ఇంట్లోనే ఉంచుకుందామని కదా ఇంత చేశావు?" అంది ఆమె తల ఎత్తకుండానే. "ఇప్పుడు దీన్ని ఒక్కదాన్నీ వదిలేసి రమ్మంటావేం మావా?"