ఆ, వస్తున్నా

"స్పానిషా? దాంతో నీకేం పని?"

మెషిన్లోంచి తడిబట్టలు బకెట్లోకి తీస్తున్న ఆమె చేతులు కాస్త ఆగాయి. భర్త వెటకారంగా అడగలేదు. ఆయనకి వెటకారం చేతకాదు. చేతనైతే బాగుండేది, తిరిగి రెండు మాటలని మనసు తేలిక చేసుకునేది. ఇంట్లో మిక్సీ ఉండగా ఇంకోటెందుకు అన్నంత మామూలుగా అడిగి, జవాబు కోసం నిలబడ్డాడు కూడా.

"ఊరికే" అంది ఆమె.

"ఊరికే ఏమిటి? పోనీ ఏ ఫ్రెంచో అయితే అమ్మాయి పైచదువుకి పనికొచ్చేది. వెతికి వెతికి స్పానిషేమిటి?"

పనికొచ్చేది! ఆమె అంతవరకూ నేర్చుకున్నవన్నీ ఎవరో ఒకరికి పనికొచ్చినవే. కుట్టు నేర్చుకుంటే ఇంటిల్లిపాది బట్టల ఊడిన అంచులన్నీ వచ్చి ఒళ్ళో పడ్డాయి. కారు నేర్చుకుంటే అత్తగారి ఆస్పత్రీ, పిల్ల ట్యూషనూ, ఆయన పార్టీలకెళ్ళినప్పుడు తీసుకురావడమూ ఆమెవే అయ్యాయి. ఇంజెక్షన్ చెయ్యడం నేర్చుకుంటే మామగారి ఆఖరి రోజులు మొత్తం ఆమె చేతుల మీదుగా నడిచాయి. నీకెంత బాగా వచ్చిందో అని ప్రతిదానికీ అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని అప్పగించారు. అందుకే, ఏదో యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్లో నేర్పే కోర్సుల పట్టీ ఫోన్లో కనిపించినప్పుడు, ఈ ఇంట్లో ఎవరూ ఎందుకూ వాడుకోలేనిదేమిటా అని చూసింది. "కాస్త ఇది స్పానిష్‌లో చేసిపెట్టు" అని ఎవరూ అడగరు. ఆ సుఖం కోసమే చేరింది. ఇది భర్తకి ఎలా చెప్పాలో తెలియక ఊరికే అంది, అంతే.

ఆయనకి మాత్రం ఆ చదువు మీద కోపమేమీ లేదు. ఆఫీసు స్నేహితులు భోజనానికొచ్చిన రోజున ముచ్చట కూడా పడ్డాడు. "మా ఆవిడ స్పానిష్ నేర్చుకుంటోందండోయ్! ఏదీ, ఒక ముక్క మాట్లాడు, వింటారు" అన్నాడు. ఆమె ఒక చేతిలో కూర గిన్నె, ఇంకో చేతిలో గరిటె. అందరూ కంచాల్లోంచి తలలెత్తి చూశారు. ఏం చెప్పాలో తోచక, ఆ వారం పాఠంలోని వాక్యం ఒకటి అప్పజెప్పింది. ఈ కుర్చీ ఎర్రగా ఉంది, అని. చప్పట్లు కొట్టారు. "ఏమన్నారేమిటి?" అని ఒకాయన అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే భర్త చెప్పేశాడు, "వంట ఎలా ఉందని అడుగుతోంది" అని. బ్రహ్మాండం, బ్రహ్మాండం అన్నారంతా. ఆమె నవ్వింది. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాక ఒళ్ళు మండింది, ఎందుకు నవ్వానా అని.

కోర్సులో చదవడం కంటే మాట్లాడటమే ఎక్కువ. ప్రతివారం పాఠం అయ్యాక, ఇచ్చిన విషయం మీద నాలుగు మాటలు ఫోన్లో రికార్డు చేసి పంపాలి. నెరిసిన పొట్టి జుట్టు టీచరొకావిడ వాటిని విని, తప్పులు చెప్పి, రెండు మంచి మాటలు రాస్తుంది. పాఠాలు ఎలాగోలా సర్దుకోవచ్చు, కూరగాయలు తరుగుతూ వినొచ్చు. మాట్లాడటానికి మాత్రం నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలి. ఆ చోటు కోసం ఆమె పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు.

ఆమె పని చేసేది పళ్ళ డాక్టరు దగ్గర, ముందు బల్ల దగ్గర. ఫోన్లెత్తడం, అపాయింట్‌మెంట్లివ్వడం, పన్ను పీకించుకోవడానికొచ్చి గుమ్మంలోనే వెనక్కి తిరిగేవాళ్ళకి ధైర్యం చెప్పి కూర్చోబెట్టడం. ఇవి జీతం పనులు. డాక్టరు ఆమెకంటే చిన్నవాడు, నోరారా "అక్కా" అంటాడు. ఆ పిలుపుతో పాటు టీ కలపడం, సాయంత్రాలు ఆయన కూతురి హోంవర్కు చూడటం, చేతులు తుడుచుకునే తువ్వాళ్ళు మార్చడం కూడా ఆమెకి దక్కాయి. కట్టుడుపళ్ళు చేసే కుర్రాడు ఆమె తర్వాత చేరినవాడే, అతన్ని మాత్రం తమ్ముడూ అనడు, సార్ అంటాడు. సార్ చేత టీ ఎవరు పెట్టిస్తారు!

అక్కడ ఎక్స్‌రే గదికి గోడలు మందం, తలుపు బరువు. భోజనాల వేళ అందులో దూరి, ఫోను నోటి దగ్గర పెట్టుకునేది. నేను క్లినిక్కులో పనిచేస్తాను, నాకు వాన ఇష్టం, నాకు ఒక కూతురు, ఆమె హాస్టల్లో ఉంటుంది... తలుపు మీద టకటక.

"అక్కా, లోపలున్నారా? తల పగిలిపోతోంది. కాస్త టీ."

"ఆ, వస్తున్నా."

ఇంట్లో అయితే వాషింగ్ మెషిన్ పెట్టిన ఇరుకు వరండా. తలుపు దగ్గరికి వేసుకుని మొదలుపెట్టగానే హాల్లోంచి "ఏమోయ్" అని భర్త. ఛార్జరో, కళ్ళజోడో, కారు తాళమో. ఆయన వస్తువులు ఆయన కళ్ళకి కనబడవు. లేదంటే పక్కగదిలోంచి "అమ్మాయ్" అని అత్తగారు. మోకాళ్ళు పట్టేసి వాకర్ సాయం లేనిదే కదలలేని పెద్దావిడ, ఆవిడ పిలుపుని తప్పుపట్టడానికి లేదు. కానీ ఒక్క నిమిషం ఆలస్యమైతే "మా రోజుల్లో పిలిస్తే పలికాకే ఊపిరి తీసుకునేవాళ్ళం" అంటుంది. అదేదో ఘనకార్యం చేసినట్టే చెబుతుంది ఆవిడ. ఎవరు పిలిచినా ఈమె "ఆ, వస్తున్నా" అనడం, రికార్డింగు ఆపెయ్యడం, ఉన్నంత ముక్క పంపెయ్యడం. కోర్సు చివరికొచ్చేదాకా ఇదే తంతు.

అప్పుడు టీచరు రాసింది. "మీరు తొందరపడకుండా మాట్లాడతారు, అది నాకు నచ్చింది. కానీ మీ రికార్డింగుల్లో ఒక్కటీ చివరిదాకా లేదు. ఎవరో ఏదో అంటారు, మీరు ఏదో అంటారు, అక్కడితో తెగిపోతుంది. ఆఖరిదైనా పూర్తిగా పంపకపోతే మిమ్మల్ని పాస్ చెయ్యలేను. మీకు ఇష్టమైన ఒక మనిషి గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. అన్నట్టు, మీరు ప్రతిసారీ ఆఖర్న అనే ఆ మాటేమిటి? చాలా చక్కగా పలుకుతారు."

ఏ మాటా అని ఆమె తెల్లమొహం వేసింది. మర్నాడు క్లినిక్కు తెరవకముందు, బయట కారులోనే కూర్చుని, తను పంపినవన్నీ వరసగా విన్నది.

ఆమె గొంతు ఆమెకి కొత్తగా ఉంది. మాటమాటకీ తడుముకుంటూ, ఆగి, మళ్ళీ అందుకునే గొంతు. కానీ దానికో నిదానం ఉంది. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని మనిషి గొంతులా ఉంది. బాగుందే, అనుకుంది. అంతలో "ఏమోయ్". ఆ పిలుపు ఇంకా గాలిలో ఉండగానే "ఆ, వస్తున్నా". సన్నగా, చురుగ్గా, ఎక్కడా తడబాటు లేకుండా. ఇంకో రికార్డింగు. వస్తున్నా. ఇంకోటి. వస్తున్నా. ఇన్నేళ్ళ బతుకులో ఇంత ధారాళంగా మాట్లాడటం నేర్చుకున్న మాట ఇదొక్కటేనా అనుకుంది.

తర్వాతి దాంట్లో మరీ వింత విన్నది. భర్త "ఏమోయ్" అన్నాడు. ఆమె వస్తున్నా అంది. వెనకాల, దూరంగా, బొంగురుగా ఇంకో గొంతు, "ఆఁ... వస్తున్నా." వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. సందేహం లేదు, అత్తగారే. అది ఆదివారం మధ్యాహ్నం చేసింది, ఆవేళప్పుడు ఆవిడ కునుకులో ఉంటుంది. మామగారు పోయి ఎంత కాలమైంది! కొడుకు గొంతు అచ్చం తండ్రిదే. ఎవరు పిలిచారో, అసలు ఆ పిలిచే మనిషి ఉన్నాడో లేడో తెలియని నిద్రలో, లేవలేని మోకాళ్ళతో ఆవిడ పలుకుతోంది. కారులో ఆమెకి ఏడుపొచ్చింది. అత్తగారి మీద జాలిపడిందో, ముందుముందు తన సంగతి కనబడిందో, రెండూనో.

ఇష్టమైన మనిషి గురించి చెప్పమంది టీచరు. ఇంకెవరు, అమ్మ.

అమ్మ ఫోను చేస్తే మొదటి మాట ఎప్పుడూ "బుజ్జమ్మా, తీరిగ్గా ఉన్నావా?" అనే. ఉన్నా చెప్పమ్మా, అనేది ఈమె. అమ్మది ఒక పట్టాన విషయానికొచ్చే మాట కాదు. వాన గురించీ, పక్కింటివాళ్ళ కుక్క గురించీ చుట్టూ తిరిగి తిరిగి, "ఒక మాట చెబుదామనీ..." అని అందుకునేసరికి ఇక్కడ ఠంచనుగా ఏమోయ్. "ఉండమ్మా, పిలుస్తున్నారు. మళ్ళీ చేస్తా." "వెళ్ళు వెళ్ళు, నాదేముందిలే." మళ్ళీ చేసినప్పుడు అమ్మ ఆ ఊసెత్తేది కాదు, ఈమె అడిగేది కాదు. ఆఖరిసారి ఫోన్లోనూ అంతే. ఒక మాట చెబుదామనీ అంది అమ్మ. వెళ్ళు వెళ్ళు అంది. ఆ వెళ్ళడం ఛార్జరు వెతికివ్వడానికి. తర్వాత నాలుగు రోజులకే అమ్మ లేదు. అమ్మ నీతో ఏమైనా అందా అని తమ్ముణ్ణి అడిగితే, "అమ్మకేం మాటలుంటాయక్కా" అన్నాడు. ఉన్నాయిరా, నేనే వినలేదు అనబోయి మింగేసింది. పిలిచినవాళ్ళ దగ్గరికి పరిగెత్తడంలోనే సరిపోయింది. అమ్మ ఎప్పుడూ పిలవలేదు, తీరిగ్గా ఉన్నావా అని మాత్రం అడిగింది. అడిగినవాళ్ళనే ఈమె ఆగమంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె పడగ్గదిలోకి వెళ్ళి గడియ వెయ్యబోయింది. గడియ కదలదు. ఏళ్ళుగా ఆ గడియ ఎవరూ వేసుకున్నది లేదు, దాని మీద నుంచే రంగు వేసేశారు. చెప్పుతో కొడితే కదిలింది. మంచం మీద కూర్చుని ఫోను నొక్కి మొదలుపెట్టింది. జరిగిపోయినవి చెప్పడం ఇంకా నేర్పలేదు, అన్నీ ఇప్పుడున్నట్టే చెప్పాలి. మి మాద్రే. మా అమ్మ. మా అమ్మ పొట్టిగా ఉంటుంది. మా అమ్మకి వాన ఇష్టం, నాకూ వాన ఇష్టం. మా అమ్మ పాటలు పాడుతుంది, బాగా పాడదు...

"ఏమోయ్! నా కళ్ళజోడు చూశావా?"

ఆ మాట గొంతుదాకా వచ్చేసింది. ఆమె నాలిక నొక్కిపట్టుకుంది. మా అమ్మ పక్కింటి కుక్కకి అన్నం పెడుతుంది. ఆ కుక్క నల్లగా ఉంటుంది.

"ఏమోయ్, నిన్నే!"

ఏదో దొంగతనం చేస్తున్నట్టు ఫోను నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. అంతలో పక్కగదిలో మంచం కిర్రుమంది.

"ఆఁ... వస్తున్నా."

వాకర్ కాళ్ళు నేలకి తగిలిన చప్పుడు. ఆమె ఉన్నపళంగా లేచి, గడియ తీసి, చేతిలో ఫోను అలాగే రికార్డు చేస్తుండగా పక్కగదిలోకి పరిగెత్తింది. అత్తగారు నిద్రకళ్ళతో వాకర్ పట్టుకుని లేవబోతోంది.

"కూర్చోండత్తయ్యా."

"వాడు పిలుస్తున్నాడుగా. వెళ్ళవేం?"

"వెళ్ళను. మీరూ వెళ్ళొద్దు."

పెద్దావిడ ఆ మాట ఎప్పుడూ విననిదానిలా చూసింది. "మరి వాడికేదో కావాలేమో?"

"కళ్ళజోడట. వెతుక్కుంటారు."

అత్తగారు తలుపువైపు చూసింది, కోడలి వైపు చూసింది, మెల్లగా వాకర్ వదిలేసి మంచం మీద చేరబడింది. "ఆ ఫోనేమిటి?"

"మా అమ్మ గురించి చెబుతున్నాను. చదువు కోసం."

ఆవిడ దిండు వెనక్కి సర్దుకుంది. "మంచి మనిషి. గట్టిగా మాట్లాడి ఎరగదు" అంది. "నాకు అర్థం కాదనుకో. అయినా చెప్పు."

ఆమె మంచం అంచున కూర్చుంది. ఇద్దరూ మూడో పిలుపు కోసం చెవులు రిక్కించారు. హాల్లో సొరుగులు లాగిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత భర్త గొంతు, ఎవరితోనో కాదు, తనలో తనే అనుకుంటున్నట్టు:

"ఆ... ఇక్కడే ఉందే."

అంతే. టీవీ పెట్టుకున్నాడు.

ఇంతేనా? ఒక్కసారి పలకకపోతే జరిగేది ఇంతేనా? ఇంత చిన్న పని తనకి ఇన్నేళ్ళూ చేతకాలేదు, అమ్మ ఆ మాట దాచుకునే వెళ్ళిపోయింది. కళ్ళనిండా నీళ్ళు నిలిచాయి. చేతిలో ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. ఇంత తేలికని తెలిసుంటే నీ మాట వినేదాన్నమ్మా, అని చెప్పాలనుంది. మొదటి కోర్సులో అంతంత మాటలు నేర్పలేదు. గొంతు సవరించుకుని, ఫోను దగ్గరికి తెచ్చుకుని, తనకి వచ్చిన రెండు ముక్కలే ఆ భాషలో నిదానంగా, తప్పుల్లేకుండా చెప్పింది.

"మా అమ్మ మెల్లగా మాట్లాడుతుంది. నేను వింటున్నాను."