మెడ కింద మనిషి

పుండరీకం పోయాక కూడా రోజూ భోజనానికి వస్తూనే ఉన్నాడు. మెడ దగ్గర కాస్త రంగు తేడా తప్ప మనిషికి ఏ లోటూ లేదు.

భార్య సత్యవేణికి పాలకొల్లులో ఫొటో స్టూడియో ఉంది. పోయినవాళ్లను ఫ్యామిలీ ఫొటోలో కలిపివ్వడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. ఊళ్లో అందరి మొగుళ్లనీ కలిపినావిడ తన మొగుణ్ణి కలుపుకోకుండా ఉంటుందా? ముఖం ఓటరు కార్డులోంచి తీసి ఇంటి కంప్యూటర్లో పెట్టుకుంది. ఒళ్లు మాత్రం స్టూడియో కంప్యూటర్లో ఉన్న ఎవరో బీమా ఏజెంటుది. బతికున్నన్నాళ్లూ లుంగీ దాటని మనిషి ఇప్పుడు కోటు వేసుకుని పప్పుచారు కలుపుకుంటాడు.

ఈ పొద్దున అతనికి ఎడమ చెవి లేదు.

ఇది వైరస్ పనేనని సత్యవేణికి వెంటనే అర్థమవుతుంది. ఎవరో కస్టమరు పెన్ డ్రైవ్ తెచ్చిన దగ్గర్నుంచి స్టూడియోలోని పెళ్లి ఫొటోల్లో కళ్లు మూసుకుపోతున్నాయి, ముందు పెళ్లికూతుళ్లవి, తర్వాత పురోహితులవి. అదే పెన్ డ్రైవ్ తను తెచ్చి ఇంట్లో కూడా పెట్టింది. ఆయన ఒకసారి పోయినప్పుడే గుండె చెరువైంది, మళ్లీ పోతే తట్టుకునే ఓపిక లేదు.

మధ్యాహ్నానికి యాంటీవైరస్‌లు పెళ్లిచూపులకు వచ్చినట్టు వచ్చి, చెప్పులు గుమ్మం బయట విప్పి, సోఫాలో వరసగా కూర్చుంటారు. మొదటివాడు పైసా తీసుకోడట. కానీ జంతిక కొరికిన ప్రతిసారీ లేచి నిలబడి, డబ్బు కడితే పెరటి వైపు కూడా చూస్తానని గుర్తు చేస్తాడు. రెండోవాడు భారీ మనిషి. అతను కూర్చోగానే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, గడియారం ఆవలిస్తుంది, పొయ్యి మీద పాలు ఎంతకీ పొంగవు. ఇల్లు భద్రంగానే ఉంటుంది గానీ ఇంట్లో ఒక్క పనీ తెమలదు. మూడోవాడు సన్నగా ఉంటాడు. కాఫీ తాగి గ్లాసు తనే కడిగి బోర్లిస్తాడు. సత్యవేణికి అక్కడే నచ్చేస్తాడు.

ఇంటికొకణ్ణి, స్టూడియోకొకణ్ణి పెట్టుకోమంటాడు రెండోవాడు పోతూ పోతూ. ఇద్దరుంటే ఒకరి కాలరు ఒకరు పట్టుకుంటారని ఆవిడ భయం. రెండు చోట్లా ఒకడే చూస్తే గొడవ లేదనుకుని, మంచి బేరం తగిలినట్టు సంబరపడుతుంది.

"నేను ముట్టుకోకూడనివి ఏవన్నా ఉన్నాయాండి?" అని అడుగుతాడు సన్నవాడు.

మొగుడి ఒళ్లు అరువుదని పరాయివాడితో ఎలా చెబుతుంది?

"ఏం లేవండి. మా ఇంట్లో ఉన్నదంతా మాదే," అంటుంది.

అతను పనిలోకి దిగుతాడు. నేల మీది పలకలు ఒక్కొక్కటీ లేపి వాసన చూసి మళ్లీ పెడతాడు. అతను నడిచేకొద్దీ వంటిల్లు పొడుగవుతుంది, చివర గోడ ఉండాల్సిన చోట స్టూడియోలోని జలపాతం తెర తగులుతుంది. వీధి దాటకుండానే అటు వెళ్లి పెళ్లికూతుళ్ల కళ్లు తెరిచి వస్తాడు. ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి ఎడమ చెవి బయటికి తీసి, దులిపి, పుండరీకానికి అతికిస్తాడు. సత్యవేణికి ప్రాణం లేచి వస్తుంది.

అంతలో అతని చెయ్యి కోటు కాలరు దగ్గర ఆగుతుంది.

"ముఖం మీదేనండి. మెడ కిందది వేరేవాళ్లదండి. అసలుది అక్కడ స్టూడియోలో ఉంది."

ఆవిడ బతిమాలుతుంది. ఈయన ఎవరి జోలికీ పోడని, నోట్లో నాలుక లేని మనిషని చెబుతుంది.

"వైరస్ అనట్లేదండి. మీది కాదంటున్నాను."

కోటు గుండీలు విప్పి, ఒంటితో సహా మడతపెట్టి, ఇస్త్రీ బట్టల్లా చంకలో పెట్టుకుంటాడు. పుండరీకం ముఖం కుర్చీ పైన అదే ఎత్తులో ఉండి, నోట్లో ముద్ద నములుతోంది. ఒట్టి ముఖం ఉంచకూడదట, దీపాలు పెట్టే వేళకు అదీ తీసేయాలట.

సత్యవేణి చాలాసేపు ఆ ముఖాన్నే చూస్తుంది. దాని మీద ఆవిడకున్న ప్రేమ ఇంతా అంతా కాదు.

"నా ఒళ్లు నాదేనా?" అని అడుగుతుంది.

సన్నవాడు ఆవిడ భుజం మీద టీకా మచ్చ చూస్తాడు, వంటింట్లో కాలిన మణికట్టు చూస్తాడు.

"మీదేనండి. అభ్యంతరం లేదు."

"అయితే ఆయనకి పెట్టండి."

పుండరీకం లేచి నిలబడతాడు. ఇన్నాళ్లకు మెడ దగ్గర రంగు కుదిరింది. చేతులకున్న గాజులు చూసుకుని, పైట సర్దుకుని, కంప్యూటరు ముందు కూర్చుంటాడు. తెర మీద, ఇంతవరకూ తన ముఖం ఉన్న చోట, భార్య ముఖం ఉంది.

"వేణీ, నిన్ను దేనికి అతికించను? నాకీ పని రాదే," అంటాడు దిగులుగా.

"మీకు రాకపోతే ఏం, చేతులకొచ్చుగా."

నిజమే, చేతులు అప్పటికే స్టూడియోలోని ఒక పెళ్లి గ్రూపు ఫొటో తెరిచి పెట్టాయి. సన్నవాడు వచ్చి కుర్చీ పక్కన నిలబడి, అందులోని ఒళ్లు మీవి కావంటాడు.

"వాళ్లే ఇస్తేనో?" అంటుంది తెర మీది ముఖం.

"ఇస్తే మీవేనండి."

సత్యవేణి స్టూడియోలో మాట్లాడే గొంతుతో చెబుతుంది. "అందరూ ఇటు చూడండి. గడ్డం కొంచెం పైకి."

ఫొటోలో పెళ్లికూతురు గడ్డం ఎత్తుతుంది. పెళ్లికొడుకు, పురోహితుడు, వెనక వరసలోని బంధువులు, ముందు కింద కూర్చున్న పిల్లలు, అందరూ బుద్ధిగా ఎత్తుతారు. అన్ని మెడలూ వెలుతురులోకి వస్తాయి. గాజుల చెయ్యి మౌస్ మీదికి పోతుంది. కుర్చీ పక్కన నిలబడ్డ సన్నవాడు కూడా నెమ్మదిగా గడ్డం పైకెత్తుతున్నాడు.